విప్పని కట్ట

దావా కాగితాలను కట్టగా కట్టడంలో నాకొక పద్ధతి ఉంది. దారాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా రెండుసార్లు తిప్పి, ముడిని పైన కాకుండా పక్కన, అట్ట అంచు కింద వేస్తాను. కొసను లోపలికి దోపుతాను. ఎవరైనా విప్పి మళ్ళీ కడితే నాకు ఇట్టే తెలిసిపోతుంది. మా లాయరుగారి దగ్గర గుమాస్తాగా ఉన్న ముప్పై ఎనిమిదేళ్ళలో నా ముడిని ఆయన విప్పిన గుర్తు ఒక్కటీ కనపడలేదు. మొన్న ఆయన సంతాపసభలో వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి ఆయన లోతైన అధ్యయనం గురించి మాట్లాడుతుంటే, విప్పని ఆ ముడులన్నీ వరసగా నా కళ్ళముందు నిలబడ్డాయి. ఇంటికొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆయన తండ్రి త్రాసులు బాగుచేసేవాడు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఒప్పుకోని మనిషి. ఆయన కొట్లోకి అడుగుపెడితే దుకాణదారులు ముళ్ళమీద కూర్చున్నట్టు ఉండేవాళ్ళు. కొడుక్కి ఆ చూపు రాలేదు, గొంతు మాత్రం వచ్చింది. గంట మోగినట్టుండే గొంతు. బడిలో ఏ సభ జరిగినా స్వాగతం చెప్పేది అతనే, చివర్లో కృతజ్ఞతలు చెప్పేది అతనే. పరీక్షల నాడు మాత్రం ఆ గొంతుకి పని ఉండేది కాదు.

"నాన్నా, వీణ్ణి ఏ పనిలో పెడతారు?" అని పెద్దకూతురు అడిగితే ఆ పెద్దాయన త్రాసు ముల్లు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడట: "మాట్లాడితే జీతమిచ్చేది ఏదైనా ఉంటే చూడమ్మా. తూచి చూడాల్సిన పని మాత్రం వద్దు."

న్యాయశాస్త్రం మూడు దండయాత్రల్లో పూర్తయింది. మా సీనియరు దగ్గర జూనియరుగా చేరాడు. అప్పుడు నేను ఆ సీనియరుకి గుమాస్తాను. ఆయన కుర్రాడి చేత ఒక పాత తీర్పు పైకి చదివించుకుని, కళ్ళు మూసుకుని విని, నాతో అన్నాడు: "గొంతు బ్రహ్మాండంగా ఉందయ్యా. అర్థం చేసుకుంటూ చదివితే పాడైపోతుంది, కాస్త కనిపెట్టి ఉండు." రెండేళ్ళకు సీనియరు ఆరోగ్యం బాగాలేక పని మానుకున్నాడు. గది, రెండు బీరువాలు, ఊగే కుర్చీ, నేను, అన్నీ కలిపి కుర్రాడికి దక్కాం.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పిన రోజు నాకు బాగా గుర్తు. అది ఆయన సొంతంగా నడపాల్సిన మొదటి కేసు, గట్టు తగాదా. ముందురోజు నేను కట్ట బల్లమీద పెట్టాను. మర్నాడు పొద్దున చూస్తే పెట్టినచోటే ఉంది, పైన కాఫీ గ్లాసు మరక అదనం. కోర్టులో పేరు పిలిచారు. ఆయన లేచి నిలబడ్డాడు. చెమటలు పట్టాయి. నోరు తెరిచేసరికి గొంతు మాత్రం దానంతటదే మోగింది.

"ఈ వ్యాజ్యంలో ఒక లోతైన న్యాయసూత్రం ఇమిడి ఉంది. దాన్ని తొందరపాటుతో తాకడం ధర్మాసనానికి గౌరవం కాదు. కొంత వ్యవధి ప్రసాదించాలని నా మనవి."

అవతలి లాయరు అంతకంటే వేగంగా లేచాడు. "మాకేం అభ్యంతరం లేదండీ!" ఆయనా కట్ట విప్పలేదని ఆ వేగమే చెప్పింది. జడ్జిగారు గోడ గడియారం వైపు చూసి, విప్పారిన మొహంతో రెండు నెలలు ఇచ్చేశారు. బయటికొచ్చాక అవతలి లాయరు మావాడి భుజం తట్టాడు. కక్షిదారైతే పొంగిపోయాడు.

"ఏం మాట్లాడారండీ లాయరుగారూ! గెలిచినట్టేనా?"

"ఓడిపోలేదు కదా," అన్నాడు మావాడు.

ఆ సాయంత్రం ఊగే కుర్చీలో వెనక్కి వాలి, నిధి దొరికినవాడిలా నన్ను పిలిచాడు. "గుమాస్తాగారూ, ఒక సంగతి గమనించారా? విచారణకు రాని కేసు ఓడిపోదు."

"గెలవదు కూడా కదండీ."

"అబ్బే, అది కక్షిదారు చూసుకోవాల్సిన సంగతి."

అంతే. అక్కడితో ఆయన చదువు పూర్తయింది. ఆ తర్వాత జీవితమంతా ఆ ఒక్క పాఠాన్నే అమలుచేశాడు. మిగతా లాయర్లూ వాయిదాలు అడిగేవాళ్ళే. అయితే వాళ్ళు నీళ్ళు నములుతూ, తలవంచుకుని అడిగేవాళ్ళు. ఈయన హక్కుగా, ఎవరికో ఉపకారం చేస్తున్నట్టు, నిండు గొంతుతో అడిగేవాడు. కోర్టు బంట్రోతులు ఆయనకు "మళ్ళీగారు" అని పేరుపెట్టారు. "మళ్ళీగారొచ్చారు, ఇంక మీరు ఇళ్ళకు పోవచ్చు" అని వరండాలో కూర్చున్న సాక్షులకు చెప్పేవాళ్ళు.

వాయిదాకి కారణం చూపాలి కదా. జ్వరాలు, గొంతు నొప్పులు, తప్పిపోయిన రైళ్ళు అన్నీ వాడేశాం. "వాడేశాం" అనడంలో మొహమాటం లేదు, అర్జీలు రాసింది నేనే. చివరికి అత్తగారి మీదికి వచ్చింది. ఆవిడ రాయిలా ఉండేది, వాళ్ళింట్లోనే ఉండేది. నాలుగు కోర్టుల్లో నాలుగుసార్లు పోయింది. నాలుగోసారి ఊరికి కొత్తగా వచ్చిన జడ్జిగారి భార్య మనసున్న మనిషి. పలకరించి పోదామని నేరుగా ఇంటికి వచ్చింది. తలుపు తీసింది అత్తగారే.

"పెద్దావిడ పోయారని తెలిసి వచ్చానండీ. పాపం, ఎలా పోయారు?"

"ఎవరమ్మా పోయింది?"

"లాయరుగారి అత్తగారటండీ."

అత్తగారు వచ్చినావిణ్ణి పైనుంచి కిందిదాకా చూసి, తలుపు పూర్తిగా తెరిచి, లోపలికి కేకేసింది. "ఏమే అమ్మాయ్! మీ ఆయన మళ్ళీ నన్ను చంపాడే! ఈసారి మనుషులు కూడా వస్తున్నారు, కాఫీ పెట్టు!"

ఇంకొకరైతే ఊరొదిలి పోయేవాళ్ళు. మా లాయరుగారు మర్నాడు అదే కోర్టులో అదే గొంతుతో, "దైవకృపవల్ల ఆవిడ కోలుకున్నారు" అని చెప్పి, కోలుకున్న అత్తగారికి సేవ చేయడానికి ఇంకో నెల అడిగాడు. ఇచ్చారు.

నవ్వుకోవడానికి ఇవన్నీ బాగానే ఉంటాయి. బైండరు దంపతుల సంగతికొస్తే నాకు నవ్వు రాదు.

కోర్టు వెనక వీధిలో, చెప్పుల దుకాణం పక్కన, పొడుగాటి ఒక గదిలో ఆ భార్యాభర్తలు పుస్తకాలు బైండింగు చేసేవాళ్ళు. అతను కత్తిరించి అట్టలు వేసేవాడు, ఆవిడ కుట్టేది. ఆవిడ కుట్టిన పుస్తకం తెరిచి బల్లమీద పెడితే పేజీలు వాటంతటవే పరుచుకుని పడుకుంటాయి, మళ్ళీ మూసుకోవు. నా దగ్గరున్న పాత పుస్తకాలన్నీ ఆవిడ చేతిమీదుగా వచ్చినవే. నన్ను అన్నయ్యా అని పిలిచేది. వాళ్ళు దిగిన రోజుల్లో ఆ గది పాడుబడి ఉండేది. నేల, గోడలు, కిటికీలు వాళ్ళే తమ చేతులతో బాగుచేసుకున్నారు. ఇల్లుగల పెద్దాయన అది చూసి ముచ్చటపడి, తన చేత్తో ఒక కాగితం రాసిచ్చాడు. ఈ దంపతులు అద్దె ఇస్తున్నంతకాలం, వాళ్ళు బతికున్నంతకాలం, వీళ్ళను ఈ గదిలోంచి ఎవరూ లేవగొట్టకూడదు. కింద సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు.

పెద్దాయన పోయాక కొడుకు, అంటే చెప్పుల దుకాణం యజమాని, మధ్యగోడ పగలగొట్టి కొట్టు పెద్దది చేసుకోవాలని దావా వేశాడు. బైండరు ఆ కాగితాన్ని రెండు అట్టల మధ్య పెట్టి, పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు మా గదికి తెచ్చాడు. లాయరుగారు దాన్ని దూరంనుంచి చూశాడు.

"ఓహో! ఇది తురుపుముక్క."

"అయితే రేపే కోర్టులో చూపిస్తారా అండీ?" అన్నాడు బైండరు.

"రేపా? తురుపుముక్క మొదట్లో ఎవరైనా వేస్తారటయ్యా? ఇది ఇప్పుడే తీస్తే కేసు అయిపోతుంది."

"అయిపోతే మంచిదే కదండీ?"

లాయరుగారు నా వైపు తిరిగి, చూశారా వీళ్ళ అమాయకత్వం అన్నట్టు నవ్వాడు. "కట్టలో పెట్టండి గుమాస్తాగారూ." పెట్టాను. నిలువుగా ఒకసారి, అడ్డంగా రెండుసార్లు.

కేసు తేలేదాకా గదిలో ఉన్నది ఉన్నట్టే ఉంచాలి, ఏ మార్పూ చేయకూడదని కోర్టు మొదట్లోనే ఉత్తర్వు ఇచ్చింది. అది రెండు పక్షాలకూ వర్తించేదే. యజమాని గోడ పగలగొట్టలేడు, బైండరు కప్పు బాగుచేయలేడు. మూడో ఏటినుంచి కప్పు కారడం మొదలైంది. కత్తిరించే యంత్రం మీద గోనెపట్టా, కుట్టుబల్ల మీద బకెట్టు. తడి తగిలి అట్టలు వంకర్లు పోయేవి. పుస్తకాలు తెచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వేరేచోటికి మళ్ళారు. వాయిదా వాయిదాకీ బైండరు ఉతికిన చొక్కా వేసుకుని కోర్టుకి వచ్చి, వరండాలో నిలబడి, మా లాయరుగారి గొంతు విని, ఇంటికి పోయేవాడు. ఎనిమిదో ఏట ఒకరోజు నాతో అన్నాడు: "ఏమండీ, ఆ కాగితం ఉంది కదా?"

"ఉందయ్యా, భద్రంగా ఉంది."

"భద్రంగా ఉండీ ఏం లాభమండీ," అన్నాడు. నిష్ఠూరంగా కాదు, లెక్క అడిగినట్టు అడిగాడు. ఆ తర్వాతి ఏడాది ఛాతీలో తేమ చేరి పోయాడు. మా లాయరుగారు పలకరించడానికి వెళ్ళాడు. తిరిగొచ్చి నాతో చెప్పిన మొదటి మాట: "ప్రతివాది మరణం. వారసుల్ని చేర్చాలి కదా, కనీసం ఏడాదిన్నర వస్తుంది."

ఆ కాగితం సంగతి ఆయనకు గుర్తుచేయవచ్చు కదా అని నన్ను అడగవచ్చు. చేశాను, రెండుసార్లు. "తురుపుముక్క గుమాస్తాగారూ, తురుపుముక్క" అన్నాడు రెండుసార్లూ. తర్వాత మానేశాను. నా సొరుగులో ఎప్పుడూ ఒక నవల ఉండేది. కేసు వాయిదా పడిన పూట దాన్ని చదువుకునే తీరిక దొరికేది. మా లాయరుగారి మీద వేసే రాళ్ళలో ఒకటి నాకూ తగలాల్సిందే.

ఇక రాజకీయాల సంగతి. ఆ జిల్లాలో పార్టీని నడిపేది ఒక వంతెనల కాంట్రాక్టరు. అతను కట్టిన వంతెన ఒకటి, ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టిన మర్నాడే, ఇంకా కత్తిరించకముందే, రిబ్బనుతో సహా ఏట్లో పడింది. ఆ కేసును మా లాయరుగారు పదకొండేళ్ళు కదలకుండా నిలబెట్టాడు. వంతెన కంటే కేసే గట్టిగా నిలబడిందని బార్ రూములో చెప్పుకునేవాళ్ళు. సాక్షులైన ఇంజనీర్లు రిటైరయ్యారు, ఇద్దరు పోయారు, ఒకాయనకు మతిమరుపొచ్చింది. కాంట్రాక్టరుకి కృతజ్ఞత అనేది ఉంది. పార్లమెంటు టిక్కెట్టు ఇప్పించాడు.

గెలిచాడు. ఎలా గెలిచాడని చాలామంది విస్తుపోయారు, నాకు ఆశ్చర్యమేమీ వేయలేదు. ఆయన చేతిలో ఇరుక్కున్న కక్షిదారులు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు, మేనమామలు, తోడల్లుళ్ళు అందరూ వరసలో నిలబడి ఓటేశారు. ఆయన రాజధానికి పోతే కట్టలు వేరే లాయరుకి ఇచ్చుకోవచ్చని ఆశ. బైండరమ్మ కూడా వేసింది. ఫలితం వచ్చిన మూడోరోజే మా గదికి వచ్చింది.

"లాయరుగారూ, మీరు పెద్దవాళ్ళయ్యారు, సంతోషం. నా కట్ట నాకు ఇప్పించండి. ఎవరో ఒకరి చేత పని కానిచ్చుకుంటాను."

"ఏంటమ్మా ఆ మాట! నా చేతుల మీదుగా పెరిగిన కేసు. నీ కేసు నేను వదిలేస్తానా?"

"వదిలేస్తే చాలండీ, అదే అడుగుతున్నా."

"మా మేనల్లుడు చూసుకుంటాడు. నువ్వు నిశ్చింతగా ఉండు."

మేనల్లుడు అప్పుడే కోటు కుట్టించుకున్నాడు. వాయిదా అడగడంలో మామయ్యను మించిపోయాడు, ఎందుకంటే ఆయన పేరు చెబితే చాలు. "మా సీనియరుగారు పార్లమెంటులో ఉన్నారండీ" అనగానే జడ్జీలు తేదీ రాసేసేవాళ్ళు. బైండరమ్మ మెట్లు దిగుతూ నా బల్ల దగ్గర ఆగింది. "అన్నయ్యా, వాన మొదలయ్యేలోపు తేలుతుందా?" ఏ ఏటి వాన అని నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

ఐదేళ్ళలో ఆయన పార్లమెంటులో నాలుగుసార్లు మాట్లాడాడు. మొదటిసారి, అవకాశం ఇచ్చినందుకు కృతజ్ఞతలు. రెండోసారి, చనిపోయిన ఒక సభ్యుడికి సంతాపం. పోయినాయన పేరు ఒకటి, ఈయన చెప్పిన పేరు ఇంకొకటి. ఆ పేరుగలాయన రెండు వరసల వెనక కూర్చుని విన్నాడట. అత్తగారి దగ్గర పడిన అభ్యాసం ఎక్కడికి పోతుంది! మూడోసారి, మా స్టేషనులో రైలు ఇంకొక్క నిమిషం ఆగాలని. నాలుగోది మాత్రం చరిత్రకెక్కింది.

కోర్టుల్లో జాప్యం మీద దేశమంతా గగ్గోలు పుట్టి ప్రభుత్వం ఒక బిల్లు తెచ్చింది. ఏ దావాలోనైనా, క్రిమినల్ కేసులోనైనా ఒక పక్షానికి మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదు. నడుస్తున్న పాత కేసులకూ చట్టం వచ్చిన రోజునుంచి అదే లెక్క. దీన్ని సమర్థిస్తూ మాట్లాడటానికి గట్టి గొంతున్న లాయరు కావాలని పార్టీ వెతికింది. ప్రసంగం ఎవరో రాసి చేతికిచ్చారు. ఆ మధ్యాహ్నం బార్ రూములో టీవీ ముందు అందరం గుమిగూడాం. తెర మీద మా లాయరుగారు మోగిపోతున్నాడు.

"ఒక్కొక్క వాయిదా వెనక ఒక పేదవాడి కన్నీరు ఉంది! తన కట్ట విప్పకుండా కోర్టుకి వచ్చే న్యాయవాది, తన కక్షిదారుకి ద్రోహి!"

బల్లల చప్పుడు. బార్ రూములో ఒక ముసలి లాయరు టీ గ్లాసు కింద పెట్టి అన్నాడు: "ఒరేయ్, మన మళ్ళీగారు మన నోటి దగ్గర కూడు లాగేస్తున్నాడేంట్రా!"

ఆ వారం చివర ఆయన ఊరికొచ్చాడు. వెలిగిపోతున్నాడు.

"గుమాస్తాగారూ, విన్నారా?"

"విన్నానండీ. ఆ బిల్లు చదివారా?"

"పార్టీ వాళ్ళు కాగితం ఇచ్చారు కదండీ. ద్రోహి అన్నచోట చరిచారు చూడండి బల్లలు! ఆపరే!"

"మూడు వాయిదాలే ఇస్తారట ఇకనుంచి."

"ఎవరికి?"

"అందరికీనండీ."

ఆయన ఊగడం ఆపాడు. "అందరికీ అంటే... కొత్త దావాలకు కదా?"

"నడుస్తున్నవాటికి కూడానండీ. మీరే చదివారు, రెండో పేజీలో."

"రెండో పేజీలో నాకు దగ్గొచ్చింది," అన్నాడు.

బైండరమ్మ దావాలో ఆ మూడూ ఏడాది తిరక్కుండానే అయిపోయాయి. దావా వేసి అప్పటికి పందొమ్మిదేళ్ళు. నాలుగోసారి మేనల్లుడు లేచి సీనియరుగారి పేరెత్తగానే, కొత్తగా వచ్చిన జడ్జమ్మగారు కళ్ళజోడు సవరించుకుంది. "మీ సీనియరుగారి ప్రసంగం నేనూ విన్నానండీ. చాలా బాగా చెప్పారు. వచ్చే సోమవారం మీ సాక్ష్యం పెట్టండి. లేకపోతే సోమవారమే గది ఖాళీ చేయమని తీర్పు రాస్తాను."

మేనల్లుడు వరండాలోంచే ఫోను చేశాడు. పక్కనే ఉన్నాను.

"మామయ్యా, వాయిదా ఇవ్వనంటున్నారు!"

అవతలనుంచి ఆ గొంతు నాకూ వినపడింది. "ఇవ్వననడానికి ఆవిడెవరు? ఏ చట్టం కింద?"

"మీ చట్టం కిందే మామయ్యా!"

ఆ గొంతు ఒక్కసారిగా తగ్గింది. తర్వాత నెమ్మదిగా, "నాకు ఒంట్లో బాగాలేదని చెప్పావా?" అని అడిగాడు.

బైండరమ్మ స్తంభానికి ఆనుకుని అంతా వింది. ఏడవలేదు. "గది పోయినట్టేనా అన్నయ్యా?" అని మాత్రం అడిగింది. "రా తల్లీ" అని గదికి తీసుకెళ్ళాను. బీరువాలోంచి కట్ట తీశాను. వాయిదాలన్నీ వేరే కట్టలో పెరుగుతూ వచ్చాయి. అసలు కట్ట పందొమ్మిదేళ్ళ కింద పెట్టిన బరువే ఉంది. ముడి నాదే. కొస లోపలే ఉంది. దారం చివికిపోయి, వేలు తగలగానే తెగింది.

రెండు అట్టల మధ్య ఆ కాగితం, వాళ్ళాయన పెట్టినట్టే ఉంది. ఆవిడ దాన్ని ముట్టుకోకుండా, పైనుంచి వంగి చదివింది.

"దీన్ని మళ్ళీ ఎప్పుడు చూశారన్నయ్యా?"

"కట్టిన రోజే."

ఆవిడ అట్టను దగ్గరికి లాక్కుంది. అట్టల మీద వాళ్ళాయన గీసిన కత్తిగీతను వేలితో తడిమింది. తిట్టి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

సోమవారం ఆ కాగితం జడ్జమ్మగారి చేతికి అందించాం. ఇంత ఆలస్యంగానా అని ఆవిడ మందలించింది. మేనల్లుడు తల గోక్కుని, "మా సీనియరుగారి వ్యూహమండీ" అన్నాడు. చెప్పుల దుకాణం యజమానికి చూపించారు. అతను గట్టివాడే, అయినా తండ్రి చేతిరాత చూసేసరికి మొహం మారింది. "నాన్నదే," అన్నాడు. "ఇది ఉందని మొదట్లోనే చెప్పి ఉంటే దావా అప్పుడే మానుకునేవాణ్ణి కదండీ. ఇన్నేళ్ళు నేనూ చెప్పులరిగేలా తిరిగాను!" చెప్పుల దుకాణం మనిషి ఆ మాటంటే కోర్టంతా నవ్వింది. బైండరమ్మ నవ్వలేదు. దావా కొట్టేశారు. పేరు పిలిచినప్పటినుంచి తీర్పు దాకా ఇరవై నిమిషాలు పట్టింది.

వానలకు ముందే ఆవిడ కప్పు వేయించుకుంది. కప్పు పని జరుగుతుండగా మా లాయరుగారు వచ్చాడు, ఫొటోగ్రాఫరుతో సహా.

"చూశావా అమ్మా! తురుపుముక్క ఎప్పుడు వేయాలో అప్పుడే వేశాం. నా చట్టం లేకపోతే నీ కేసు ఈ జన్మలో తేలేదా?"

"తేలేది కాదండీ," అంది ఆవిడ. అందులో అబద్ధం లేదు.

ఆయన మొహం వెలిగింది. సంచీలోంచి కొన్ని కాగితాలు తీశాడు. పార్లమెంటులో ఆయన చేసిన ప్రసంగాలు, నాలుగూ కలిపి పద్నాలుగు పేజీలు. "వీటిని మంచి తోలు అట్టతో పుస్తకంగా చేయాలి. కుట్టు వైపు వీపు మీద బంగారు అక్షరాలు. బీరువాలో పెడితే గుమ్మం దగ్గరనుంచి కనపడాలి. రెండు వేళ్ళ మందమైనా ఉండాలి సుమా."

ఆవిడ పద్నాలుగు కాగితాలనూ వేళ్ళ మధ్య పట్టి చూసింది. "వీటికి వీపు నిలవదండీ. లోపల ఇంకా కాగితాలు వేయాలి."

"వెయ్యి, వెయ్యి. ఏవో ఒకటి వెయ్యి."

మర్నాడు ఆవిడ నా బల్ల దగ్గరికొచ్చింది. "అన్నయ్యా, నా దావా వాయిదాల కట్ట ఏం చేశారు?"

మేనల్లుడు చిత్తుకాగితాల్లో పడేయమన్నాడు. ఇంకా పడేయలేదు. మా అర్జీల ప్రతులు ఎనభై ఏడు, వాటికి జతచేసిన డాక్టరు సర్టిఫికెట్లు, రైలు ఆలస్యమైందని స్టేషను మాస్టరు రాసిన చీటీలు, అత్తగారి రెండో మరణం. మేనల్లుడు వేసినవాటితో సహా అర్జీలన్నింటి కిందా ఆయన సంతకం. ఆవిడ ఎందుకు అడుగుతోందో అర్థమై ఆవిడ మొహంలోకి చూశాను. అక్కడ కొంటెతనం ఏమీ లేదు, కొలత తీసుకునేటప్పటి చూపే ఉంది.

"ఆయన సంతకం ఉన్న కాగితాలే కదా అన్నయ్యా. ఆయన పుస్తకంలోకి ఇంకెవరి కాగితాలు వేస్తాం?"

కట్ట ఇచ్చాను. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నా అంతట నేను చేసిన పని బహుశా అదొక్కటే.

పుస్తకం పదిహేను రోజుల్లో తయారైంది. గోధుమరంగు తోలు, వీపు మీద నాలుగు గట్లు, మధ్యలో బంగారు అక్షరాలతో "పార్లమెంటు ప్రసంగాలు". ఆయన రెండు చేతులా అందుకుని, బరువు చూసి, వీపు నిమిరి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అట్ట ఎత్తుతాడేమో అనుకున్నాను. ఎత్తలేదు. గుమ్మం దగ్గరికి వెళ్ళి, అక్కడినుంచి బీరువాలో కనపడుతోందా లేదా అని చూసుకున్నాడు. కనపడింది.

తర్వాతి ఎన్నికల్లో టిక్కెట్టు రాలేదు. కాంట్రాక్టరు కేసు కూడా కొత్త చట్టం కింద నాలుగు నెలల్లో తేలి, అతను జైలుకి పోయాడు మరి. మా లాయరుగారు మాజీ అయ్యాడు. వచ్చినవాళ్ళకల్లా బీరువాలో పుస్తకాన్ని వేలితో చూపించేవాడు. వచ్చినవాళ్ళు అబ్బో అనేవాళ్ళు. ఆరేళ్ళు అలా గడిచాయి. ఎవరూ అద్దం తలుపు జరపలేదు.

మొన్న సంతాపసభలో ఆ పుస్తకాన్ని బల్లమీద ఫొటో పక్కన పెట్టారు. పార్టీ తరఫున రాజధానినుంచి వచ్చిన పెద్దాయన చివర్లో లేచాడు. పుస్తకాన్ని రెండు చేతులతో తలపైకెత్తి పట్టుకున్నాడు.

"ఈ బరువు చూడండి! ఇవి ఆయన మాటలు. ఈ మనిషి దేశానికి ఏమిచ్చాడని ఎవరైనా అడిగితే, ఇదిగో, ఇది తెరిచి చూసుకోండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన పుస్తకాన్ని తెరవకుండానే కింద పెట్టాడు. కాస్త ఎత్తునుంచే పెట్టాడు, దబ్బుమంది.

నా పక్కన కూర్చున్న బైండరమ్మ మెడ చాచి బల్ల వైపు చూసింది. అట్ట కదలలేదు, ఒక్క కాగితం బయటికి జారలేదు. ఆవిడ మళ్ళీ వెనక్కి ఆనుకుంది.

"కుట్టు గట్టిగానే ఉందన్నయ్యా," అంది.